దవడతో విన్న బాసు గిటార్

గోదావరి జిల్లాలు చూసొచ్చామని చెప్పగానే మా స్కూల్లో టీచర్లు అడిగిన మొదటి ప్రశ్న, "పాపికొండలకు లాంచీలో పోయినారా?" అని. పోలేదు. పిఠాపురం గుడికీ పోలేదు. మేం వెళ్ళింది బాసు గిటార్ క్లాసుకు. ఆ మాట వినగానే అందరూ నవ్వారు. నాకు సంగీతం రాదని వాళ్ళకు తెలుసు. నేను పిల్లలకు తెలుగు పాఠం చెప్పుకునేదాన్ని. మా ఆయన శేఖర్ అనంతపురంలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేస్తారు. సాయంత్రాలు, పండగ రోజుల్లో ఆర్కెస్ట్రాలో బాసు గిటార్ వాయిస్తారు.

బాసు గిటార్ అంటే ఏమిటో నాకు కూడా పెళ్ళయ్యాకే తెలిసింది. మామూలు గిటార్‌కు ఆరు తీగలు, దీనికి నాలుగే. లావుగా ఉంటాయి. పాటలో గొంతు, వేణువు, వయొలిన్ పైపైన వినపడుతుంటే అడుగున మంద్రంగా ఒక శబ్దం నడుస్తూ ఉంటుంది. అది బాసు. చాలామంది దాన్ని విన్నామని కూడా అనుకోరు.

ఏడాది కిందట మా ఆయనకు ఆ అడుగు శబ్దమే వినపడటం మానేసింది. విచిత్రమైన జబ్బు. మాటలు వినపడతాయి. కుక్కర్ విజిల్ వినపడుతుంది. మంద్ర స్వరాలే పోతున్నాయి. కర్నూలు డాక్టర్ పరీక్ష చేసి, చెవి లోపల బియ్యపు గింజ కన్నా చిన్న ఎముక ఒకటి బిగుసుకుపోతోందన్నాడు. ఆపరేషన్ చేస్తే చాలామందికి నయమవుతుంది, కానీ ఎవరో కొందరికి ఉన్న వినికిడి కూడా పోతుంది అన్నాడు. ఆ చివరి మాట దగ్గరే మా ఆయన ఆగిపోయారు. విషయం మా ఇద్దరి మధ్యే ఉంచమన్నారు. పాటలన్నీ వేళ్ళకు అలవాటే కాబట్టి చెవులతో పనిలేకుండా నెట్టుకొస్తున్నాననుకున్నారు.

అప్పుడు రాజమండ్రి క్లాసు సంగతి తెలిసింది. మద్రాసు స్టూడియోల్లో ఎన్నో ఏళ్ళు బాసు వాయించిన సత్యానందం గారనే పెద్దాయన సొంతూరికి వచ్చేశారట. అక్కడి ఆర్కెస్ట్రా కళాకారులు కొందరు ఆయన చేత క్లాసులు చెప్పించే ఏర్పాటు చేశారు. "ఒక్కసారి ఆయన దగ్గర కూర్చోని రావల్ల. ఇప్పుడు కాకుంటే ఇంగ ఎప్పటికీ కాదు," అన్నారు మా ఆయన. దసరా సెలవులు. నేనూ బయల్దేరాను.

రాజమండ్రి

మా పెన్నానది గుర్తుకొస్తే నాకు ఇసుకే కళ్ళముందుకొస్తుంది. వంతెన మీద రైలు ఎంతసేపు పోయినా ఇక్కడ నీళ్ళు అయిపోలేదు. పక్కసీటు ముసలావిడ కొంగు ముడి విప్పి రూపాయి బిళ్ళ నదిలోకి విసిరి, నా చేతిలో ఇంకోటి పెట్టింది. "మీరూ వెయ్యండమ్మా. కొత్తగా వస్తున్నారు కదా, గోదారమ్మకి చెప్పుకోండి." వేశాను. ఏం చెప్పుకోవాలో తోచలేదు.

లాడ్జి కింద హోటల్లో పెసరట్టు ఉప్మా తిన్నాం. అట్టు లోపల ఉప్మా పెట్టి మడిచి ఇవ్వడం మా వైపు చూడలేదు. అల్లం చట్నీ తియ్యగా ఉంది. అలవాటు కొద్దీ, ఊరిబిండి ఉందా అని అడిగాను. మా ఊళ్ళో రోటిపచ్చడిని అలా అంటాం. సర్వరు కాసేపు ఆలోచించి, "బిందెలు బజార్లో దొరుకుతాయండి," అన్నాడు. చాలా రోజుల తర్వాత మా ఆయన గట్టిగా నవ్వారు.

క్లాసు ఒక కల్యాణ మండపం పై అంతస్తులో. కాకినాడ, అమలాపురం, తణుకు, ఏలూరు నుంచి పాతికమంది దాకా వచ్చారు. సగం మంది చర్చిల్లో వాయించేవాళ్ళు, మిగతావాళ్ళు ఆర్కెస్ట్రాల వాళ్ళు. నేను వెనక వరసలో కూర్చున్నాను. అందరి నోటా కంపెనీ పేర్లే. నాది జపాన్‌ది, నాది కొరియాది, అమెరికాది అయితే ఇలా ఉండదు అని. మా ఆయనది కలకత్తాలో చేసింది. దాన్ని కవరులోంచి తీయకుండా పక్కన పెట్టుకున్నారు.

సత్యానందం గారు తెల్ల పంచె, తెల్ల చొక్కాతో వచ్చారు. సన్నటి మనిషి. రెండు చేతులూ వణుకుతున్నాయి. ఆయన ఇక వాయించలేరని, మాటతోనే నేర్పుతారని అప్పుడే తెలిసింది. ముందుగా ఆస్పత్రుల్లో వాడే తెల్ల ప్లాస్టరు చుట్ట ఒకటి ఇచ్చి, "గిటార్ తలమీద కంపెనీ పేరుంటుంది కదా బాబూ, దానిమీద అంటించెయ్యండి," అన్నారు. అందరూ అంటించారు. అన్ని గిటార్లూ బల్లమీద వరసగా పెట్టించారు.

తర్వాత జేబులోంచి ఒక విజిటింగ్ కార్డు తీసి, ఒక్కో గిటార్ మెడ వచ్చి ఒంటికి బిగిసే చోట దూర్చి చూపించారు. కార్డు దూరిందంటే అక్కడ సందు ఉన్నట్టు. తీగ ఊపు చెక్కలోకి దిగకుండా ఆ సందులోనే చచ్చిపోతుందట. మెడను కంటికి దగ్గరగా పట్టుకుని, వడ్రంగి దూలం చూసినట్టు చూసి, వంపు ఎటుందో చెప్పమన్నారు. ఒంటిమీద వేలి కణుపుతో కొట్టించారు. ఒకే చెక్క అయితే ఖణేల్మంటుంది, పొరలు అతికించిందైతే అట్టపెట్టె మీద కొట్టినట్టుంటుంది. ఎంతో మోజుగా తెచ్చుకున్న ఒకాయన గిటార్‌లో కార్డు సగం దాకా దూరింది. మా ఆయన దాంట్లో దూరలేదు. చెక్క మాత్రం పొరలదే. "బిగింపు బాగుంది. చెక్క బీదది," అన్నారు సత్యానందం గారు. ఆ సాయంత్రం మా ఆయన హుషారుగానే ఉన్నారు.

రెండో రోజు

రెండో రోజు ఒక్కొక్కరినీ పిలిచి, టేపు రికార్డరులో డ్రమ్ము దరువు వేసి, దానితోపాటు వాయించమన్నారు. మా ఆయన వంతు వచ్చింది. ఆయనకు వాయించేటప్పుడు కళ్ళు మూసుకునే అలవాటు. మొదలుపెట్టారు. నా చెవికి బాగానే ఉంది. కానీ ముందు వరసలో ఇద్దరు మొహాలు చూసుకున్నారు.

"కొంచెం నెమ్మదిగా మీటండి బాబూ," అన్నారు సత్యానందం గారు. మా ఆయన తలూపారు కానీ చెయ్యి తగ్గలేదు. పెద్దాయన వెనక్కి వెళ్ళి యాంప్లిఫయర్ సౌండు కాస్త తగ్గించారు. ఇంకా తగ్గించారు. చివరికి పూర్తిగా తగ్గించేశారు. గిటార్ శబ్దం ఆగిపోయింది. టేపులో డ్రమ్ము ఒక్కటే మోగుతోంది. మా ఆయన కళ్ళు మూసుకుని, తల ఆడిస్తూ వాయిస్తూనే ఉన్నారు.

నాకు లేచి వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకోవాలనిపించింది. లేవలేకపోయాను. సత్యానందం గారి మొహం తెల్లబోయింది. మళ్ళీ సౌండు పెంచి, పాట అయ్యేదాకా నిలబడి, "సరే బాబూ, కూర్చోండి," అని మాత్రం అన్నారు.

టీ తాగేటప్పుడు తణుకు నుంచి వచ్చిన రాంబాబు అనే ఆయన మా దగ్గరికొచ్చారు. మంచి మనిషి. ఓదార్చడానికే వచ్చారు.

"మీరేం దిగులు పడకండి శేఖర్ గారూ. మాకు ముందే తెలుసండి. మీ ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించే రఫీ గారు గుంటూరు ప్రోగ్రాంలో కలిసినప్పుడు చెప్పారు. బాసు మొత్తం కీబోర్డు మీద ఎడంచేత్తో తనే వాయించేస్తున్నారటగా. మీ గిటార్ లైను సౌండు మిక్సర్ దగ్గర కట్టేయించేస్తారట, జనాలకి వినపడకుండా. ఎంత మంచోరండి ఆయన! అలాంటి స్నేహితులు ఎక్కడ దొరుకుతారండి?"

మా ఆయన టీ గ్లాసు నోటి దగ్గర నుంచి దించారు. "ఎప్పట్నుంచి?" అన్నారు.

రాంబాబు గారికి అప్పుడర్థమైంది. "మీకు తెలీదాండీ?" అన్నారు. నోటిమీద చెయ్యి పెట్టుకున్నారు.

మా ఆయన గ్లాసు బల్లమీద పెట్టి మెట్లు దిగి వెళ్ళిపోయారు. గిటార్ అక్కడే వదిలేశారు. నేను దాన్ని భుజాన వేసుకుని వెనకే పరుగెత్తాను. పుష్కరాల రేవు మెట్ల మీద దొరికారు. ఎర్రనీళ్ళు మెట్లకు తగులుతున్నాయి. ఎవరో దంపతులు దీపం వదులుతున్నారు.

"ఊరికి పోదాం పా," అన్నారు. మళ్ళీ, "నువ్వు స్టేజీ ముందరే కూచోని వింటాంటివి కదా. నీకూ తెల్లేదా?" అన్నారు.

"తెల్లేదు. పాట బాగుందనుకుంటాంటి."

నిజంగా నాకు తెలియలేదు. స్టేజీమీద తన పక్కనున్న స్పీకరు పెట్టె అదురుతుంటే శబ్దమంతా బయటికి పోతోందని ఆయన అనుకున్నారు. పాట వింటున్న నేను, ఎదురుగా ఉన్న జనం, అందులో ఆయన లేరని గుర్తించనే లేదు. ఏది ఎక్కువ బాధో నాకిప్పటికీ తెలియదు.

సత్యానందం గారి ఇల్లు

సాయంత్రం లాడ్జికి రాంబాబు గారొచ్చారు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "గురువుగారు తీసుకురమ్మన్నారండి. మీరు రానంటే ఆయనే వస్తానంటున్నారు. ఆయన రోజుకి రెండుసార్లు మెట్లెక్కలేరండి," అన్నారు. అంత పెద్దాయనను రప్పించడం ఇష్టంలేక మా ఆయన లేచారు. గిటార్ నేను పట్టుకున్నాను.

చిన్న పెంకుటిల్లు. వసారాలో రెండు పేము కుర్చీలు. సత్యానందం గారు ఒక్కరే ఉంటారు. వణికే చేతులతోనే కాఫీ కలిపి తెచ్చారు. సాసర్‌లో సగం ఒలికింది. నేను అందుకోబోతే వద్దన్నారు.

"నన్ను క్షమించాలి బాబూ. గట్టిగా మీటుతున్నారని సౌండు తగ్గించాను. మీరు ఆపలేదు. అప్పుడు తెలిసింది నాకు. అంతమందిలో అలా చెయ్యకుండా ఉండాల్సింది."

మా ఆయన మొదటిసారి మూడో మనిషికి తన జబ్బు సంగతి చెప్పారు. డాక్టర్ చెప్పినదంతా చెప్పారు. సత్యానందం గారు మధ్యలో ఆపి, "డాక్టరు మోగే ఇనప కడ్డీ లాంటిది చెవి వెనక ఎముకకి ఆనించాడా?" అన్నారు.

"ఆనించినాడు సార్. అప్పుడు బాగా వినపడింది."

"అయితే మీ ఎముక వింటోంది. మా స్టూడియోలో వయొలిన్ వాయించే ఆయనకి ముసలితనంలో ఇలాగే అయింది. ఆయన చివరిదాకా వాయించాడు. వయొలిన్ దవడ కింద ఉంటుంది కదా మరి. మీరు ఆ పైకొమ్ముకి దవడ ఆనించి మీటండి."

బాసు గిటార్ ఒంటికి పైన ఒక కొమ్ములా చెక్క పొడుచుకొచ్చి ఉంటుంది. మా ఆయన మెడ వంచి దవడ దానికి తాకించి లావు తీగ మీటారు. కనుబొమలు పైకి లేచాయి. మళ్ళీ మీటారు.

"వినపడ్తాంది. గోనెసంచిలో నుంచి వచ్చినట్లుంది."

"పొరల చెక్క కదా, సగం మింగేస్తుంది. భీమవరం దగ్గర మా శిష్యుడు ఒకాయనున్నాడు, రాజుగారు. ఆయన దగ్గర ఒకే చెక్కతో చేసిన జపాన్ బాసుంది. అమ్మేస్తానంటున్నాడు. కొనకపోయినా పర్వాలేదు. వెళ్ళి ఒకసారి దవడ పెట్టి రండి. రేపు ఆదివారం, క్లాసు లేదు."

"నేను తీసుకెళ్తానండి," అన్నారు రాంబాబు గారు.

ఆత్రేయపురం, తణుకు

ధవళేశ్వరం ఆనకట్ట దాటాక రోడ్డుకు ఒక పక్క కాలవ, ఇంకో పక్క వరి. ఎక్కడా ఖాళీ నేల కనపడదు. మా వైపు వేరుశనగ చేలో నిలబడితే ఎర్రమట్టి కొండల దాకా చూపు ఆగదు. ఇక్కడ కొబ్బరి చెట్లు చూపును దగ్గరే ఆపేస్తాయి.

ఆత్రేయపురంలో బస్సు మారాలి. రోడ్డు పక్క ఇంట్లో మంగమ్మ అనే ఆవిడ పూతరేకులు తీస్తోంది. బోర్లించిన కుండ కింద మంట. పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి కుండమీద ఒక్క లాగు లాగితే, కన్ను మూసి తెరిచేలోగా ఉల్లిపొర లాంటి రేకు లేస్తుంది. నేనూ ప్రయత్నిస్తానంటే గుడ్డ ఇచ్చింది. వేళ్ళు కాలాయి, రేకు ముక్కలైంది.

"చూసి తీస్తే రాదమ్మా. ఎండిపోయేముందు చిటపటమని సన్నగా మోగుతుంది, అప్పుడు లేపాలి," అందామె.

మా ఆయన ముందుకు వంగి విన్నారు. ఆ సన్నటి చప్పుడు ఆయనకు వినపడింది. నాకు వినపడలేదు. బెల్లం, నెయ్యి రాసిన రేకులు ఒక్కోటి మూడు రూపాయలు. నోట్లో పెట్టుకుంటే నమలడానికి ఏమీ ఉండదు. పొద్దున్నుంచి ఆయన తిన్నది అదొక్కటే.

తణుకులో చక్కెర ఫ్యాక్టరీ పక్కనుంచి పోతుంటే గాలంతా బెల్లం పాకం వాసన. రాంబాబు గారి ఇంట్లో మజ్జిగ తాగి బయల్దేరాం. భీమవరం బస్సులో కూర్చున్నాక రాంబాబు గారు, "నా నోరు పడిపోను. అలా అనేశానండి," అన్నారు. మా ఆయన ఆయన మోకాలి మీద చెయ్యి వేశారు. "మీరు చెప్పకుంటే ఎవురు చెప్తారప్పా నాకు?" అన్నారు.

రొయ్యల చెరువుల మధ్య

భీమవరం దాటాక వరి ఆగిపోయి చెరువులు మొదలయ్యాయి. కనుచూపు మేరా చదరాలు చదరాలుగా నీళ్ళు. రాజుగారి మేడ ఆ చెరువుల గట్టున ఉంది. నలభై దాటిన మనిషి, లుంగీ, చేతికి బంగారు గొలుసు. గేటు దగ్గరికే వచ్చి, "రండి రండి, ముందు భోజనాలండి, తర్వాతే మాటలు," అన్నారు.

పెళ్ళి విందులా వడ్డించారు. రొయ్యల వేపుడు, కొర్రమీను పులుసు, ముద్దపప్పు, ఆవకాయ, గడ్డపెరుగు. వద్దన్న కొద్దీ రాజుగారి భార్య ఇంకో గరిటె వేస్తూ, "అంత దూరం నుంచి వచ్చారు, ఏం తిన్నారండి?" అంటున్నారు. మా ఇళ్ళలో కడుపు నిండిందంటే నమ్ముతారు. ఇక్కడ నమ్మరు.

భోజనాల తర్వాత రాజుగారు చెరువుల వైపు చూపించారు. "అన్నీ ఖాళీయేనండి. తెల్లమచ్చ తెగులొచ్చింది. రాత్రికి రాత్రి రొయ్యంతా తేలిపోయింది. బాగున్న రోజుల్లో సింగపూర్ నుంచి తెప్పించానండి ఆ బాసు. కాకినాడలో చదువుకునేటప్పుడు వాయించేవాణ్ణి. ఇప్పుడు దాన్ని చూస్తే ఏదోలా ఉంటోంది."

లోపల్నించి తెచ్చి మా ఆయన ఒళ్ళో పెట్టారు. గోధుమరంగు చెక్క. బరువుకు ఆయన మోకాళ్ళు దగ్గరయ్యాయి. యాంప్లిఫయర్ వద్దన్నారు. దవడ కొమ్ముకు ఆనించి మీటారు.

నాకు వినపడింది చాలా చిన్న శబ్దం. ఆయన మాత్రం ఉలిక్కిపడ్డారు. ఒక్కో తీగా మీటి, అది పూర్తిగా ఆగేదాకా కదలకుండా కూర్చున్నారు. తర్వాత రాంబాబు గారిని దరువు వెయ్యమన్నారు. ఆయన బల్లమీద అరచేత్తో వేస్తుంటే, దానితో పాటు ఆర్కెస్ట్రాలో రోజూ వాయించే వరస మొదలుపెట్టారు. కాసేపటికి ఆపేశారు. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ ఆపేశారు. కళ్ళనిండా నీళ్ళు.

"ఏమైంది?" అన్నాను.

"ఇంత ఎనకబడ్తాండానా నేను? దెబ్బ పడినంక వస్తాండా. ప్రతిసారీ. పాపం రఫీ... నా శబ్దం ఏంటికి ఆపడు? ఎవురైనా ఆపుతారు."

అంతవరకు ఆయనలో రఫీ మీద కోపం ఉంది. అది నా ముందే కరిగిపోవడం చూశాను. తన తప్పు తన చెవికి వినపడ్డాక ఇక ఎవరిమీదా కోపం పెట్టుకోలేకపోయారు.

ఎండ దిగేదాకా వాయించారు. దరువు మీదికి రావడానికి చాలాసేపు పట్టింది. ఒక్కసారి వచ్చాక రాంబాబు గారి మొహం వెలిగింది. ఆయన ఆ గిటార్ కొంటారని అందరం అనుకున్నాం. మా ఆయన గిటార్‌ను రాజుగారి చేతుల్లో పెట్టి, "కొననండీ. ముందు చెవి సంగతి చూసుకోవల్ల. ఆపరేషన్ చేయించుకుంటాను," అన్నారు. నాకేసి చూడకుండా అన్నారు. కర్నూలు డాక్టర్ చెప్పిన ఆ చివరి మాట నాకు గుర్తొచ్చింది.

"ఊరికే తీసుకెళ్ళండి. నాకంటే మీకే పనికొస్తుంది," అన్నారు రాజుగారు.

"వద్దండి. మీ చెరువుల్లో మళ్ళీ రొయ్య పడుతుంది. అప్పుడు మీరే వాయించుకోవల్ల."

రాజుగారు గిటార్ లోపల పెట్టొచ్చారు. బస్సు దాకా వచ్చి, ఎక్కేదాకా నిలబడ్డారు.

చివరి క్లాసు

సోమవారం మా ఆయన తనంతట తానే లేచి ముందుకెళ్ళారు. "నాకు బాసు వినపడదు. మొన్న మీరంతా చూసినారు. ఇట్లయితే వినపడ్తాది, చూడండి," అని కుర్చీలో కూర్చుని, తన కలకత్తా గిటార్ కొమ్ముకు దవడ ఆనించారు. టేపు వెయ్యమన్నారు. వాయించిన పాట చిన్నదే. దరువు మీద పడింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముందు వరసలో ఏలూరు నుంచి వచ్చిన ఒకాయన తలవంచి కళ్ళు తుడుచుకున్నారు.

సత్యానందం గారు నిజమే చెప్పారు. "ఇలా మెడ వంచి మూడు గంటల ప్రోగ్రాం చెయ్యలేరు బాబూ. ఆపరేషన్ ఏమవుతుందో దేవుడికి తెలియాలి. కానీ మీ దగ్గర సంగీతం పోలేదు. దానికి నేను సాక్షి." సెలవు తీసుకునేటప్పుడు ఆ వణికే చెయ్యి మా ఆయన తలమీద పెట్టారు.

ఇంటికొచ్చాక

ఊరు చేరిన సాయంత్రమే రఫీ వచ్చాడు. ఎవరో ఫోను చేసి చెప్పినట్టున్నారు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"చెప్పకపోతివే నాకు," అన్నారు మా ఆయన.

"ఎట్ల చెప్పేదన్నా? నువ్వు కండ్లు మూసుకోని అంత ఇష్టంగా వాయిస్తాంటే, ఏ నోటితో చెప్పల్ల?"

మా ఆయన లేచి వెళ్ళి అతన్ని లోపలికి లాక్కొచ్చి కూర్చోబెట్టారు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

తర్వాత కుడి చెవికి ఆపరేషన్ అయింది. తల తిరుగుతుంటే చాలా రోజులు గోడ పట్టుకుని నడిచారు. మంద్ర స్వరాలు తిరిగొచ్చాయి, పూర్తిగా కాదు. చెవిలో సన్నటి రొద ఒకటి మిగిలిపోయింది. ఎడమ చెవి జోలికి ఇంకా వెళ్ళలేదు.

పోయిన నెల ధర్మవరంలో ప్రోగ్రాం. లైను తెరిచే ఉంచమని మిక్సర్ అబ్బాయికి మా ఆయనే చెప్పారు. నేను స్టేజీ ముందు కూర్చుని, గాయకుణ్ణి వదిలేసి, అడుగున నడిచే ఆ ఒక్క శబ్దం కోసం వెతుక్కున్నాను. మొదట దొరకలేదు. దొరికాక ఇక వదల్లేదు. మూడో పాట మధ్యలో ఒకచోట ఆయన కొంచెం వెనకపడ్డారు. నాకు తెలిసింది. నేను తలెత్తేలోపే ఆయన కళ్ళు తెరిచారు, వేళ్ళు సర్దుకున్నారు, మళ్ళీ దరువు మీదికి వచ్చారు.